అమ్మమ్మ నడుము విషయంలో తాతయ్య చేసిన పని

మా తాతయ్య టైలరు. ఎవరైనా ఎదురొస్తే ఆయన చూపు ముఖం మీద పడదు, ముందు నడుము మీద పడుతుంది. "బాగున్నారా?" అని పలకరించినవాళ్ళకి "నేను బాగానే ఉన్నా గానీ నువ్వు ఒక అంగుళం పెరిగావు" అని జవాబు చెబుతాడు. అందుకని ఈ వీధిలో సగం మంది మా కొట్టు దాటేదాకా పొట్ట బిగబట్టి నడుస్తారు. ఆయన నడుము సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు. అరవై అంగుళాల టేపు ఆయన చుట్టూ తిప్పితే మిగిలేది జానెడు. అదీ నేను జాలిపడి బిగించి పట్టుకుంటేనే.

నేను ఆయన కూతురి కూతుర్ని. తొమ్మిదో తరగతిలో లెక్కలకీ నాకూ పడలేదు, లెక్కలే గెలిచాయి. బడి మానేసిన మర్నాడు తాతయ్య నన్ను కొట్లో స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి బ్లేడు ఇచ్చాడు. "కుట్టడం ఎవరికైనా వస్తుందే కోతీ. గుడ్డ తెగకుండా కుట్టు విప్పడం నేర్చుకో" అన్నాడు. అలా నేను కుట్లు విప్పే మనిషినయ్యాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నా చెయ్యి కూడా ఉంది. ఆ ముక్క మొదటే చెప్పేస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుంది.

తాతయ్య ఏడుగురిలో ఆరోవాడు. చిన్నప్పుడు ఇంట్లో తిండికి కటకటగా ఉండేదనీ, ఒక రొట్టె ముక్కని అన్నదమ్ములు దారంతో కోసుకుని తినేవాళ్ళనీ చెబుతాడు. మూడో గరిటె అన్నం వడ్డించుకునేటప్పుడే ఈ కథ ఆయనకి గుర్తొస్తుంది. ఒకసారి రొట్టె ముక్క అంటాడు, ఒకసారి బంగాళాదుంప అంటాడు. వాళ్ళక్క మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఊరుకోక అడిగేశాను. ఆవిడ నోరు వెళ్ళబెట్టి, "వీడికి ఆకలా? మా ఆరుగురి పళ్ళాల్లోదీ వీడే తినేవాడు. మాకే ఆకలి" అంది. తాతయ్య ఆ పూట రెండు గరిటెలతోనే లేచిపోయాడు. అది మా ఇంట్లో చరిత్ర.

పద్నాలుగో ఏట ఒక మేస్త్రి దగ్గర పనికి కుదిరాడు. కుట్టు వంకర పోతే ఆ మేస్త్రి స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాడట. ఆ దెబ్బలకేమో, తాతయ్య కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. సొంతంగా కొట్టు పెట్టిన ఏడాది ఒక అమ్మాయి చిరిగిన జేబుతో లోపలికి వచ్చింది. బస్సు కండక్టరు. ఆ జేబులోంచి చిల్లర రాలిపోతోందని గోల గోలగా ఉంది. "పది నిమిషాలాగండి, కండక్టరమ్మగారూ" అన్నాడట ఈయన. "పది నిమిషాలు ఆగితే నా బస్సు నువ్వు తోస్తావా?" అందట ఆవిడ. అలా మొదలైంది. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా తాతయ్య ఆవిణ్ణి కండక్టరమ్మా అనే పిలుస్తాడు. ఆవిడ ఏవయ్యా టైలరూ అంటుంది. మా అమ్మమ్మ ఆవిడే.

ఆ జేబు కుట్టిన రోజు నుంచి అమ్మమ్మ యూనిఫాం ఇంకో టైలరు చేతికి వెళ్ళలేదు. డిపో వాళ్ళు నాలుగేళ్ళకోసారి నీలం గుడ్డ ఇస్తారు. రెండు ప్యాంట్లు, రెండు వదులు చొక్కాలు. మామూలుగా అయితే ప్యాంటు పక్క కుట్లలో అరంగుళం గుడ్డ లోపలికి మడిచి వదులుతారు. తాతయ్య అమ్మమ్మ ప్యాంటుకి అంగుళంపావు వదులుతాడు. కుట్టు నిలవడానికి కావలసింది పోగా, రెండు పక్కలా, ముందు ముక్కలోనూ వెనక ముక్కలోనూ కలిపి మొత్తం నాలుగంగుళాలు దాగి ఉంటాయి. పెళ్ళాం మీద ప్రేమ అని నేను ఏడిపిస్తే మురిసిపోయేవాడు.

ఇక హోటలు సంగతి. మా వీధి మలుపులో ఒక హోటలుంది. దాని పేరేదైనా అందరూ దాన్ని పళ్ళెం హోటలనే అంటారు. ప్రతి శనివారం సాయంత్రం మేం ముగ్గురం అక్కడికి వెళ్ళేవాళ్ళం. పళ్ళెం నిండా అన్నం, దాని పక్కన వేయించిన దుంపలు, వాటికి గోడ కట్టినట్టు బ్రెడ్డు ముక్కలు. కూర అనేది వెతుక్కోవాలి. సగం పళ్ళెం ఇవ్వరు. ఒక పళ్ళెం ఇద్దరు పంచుకోకూడదని గోడ మీద బోర్డు కూడా ఉంటుంది. మొత్తం తినేసినవాళ్ళకి ఇంకో రెండు బ్రెడ్డు ముక్కలు ఊరికే ఇస్తారు. తినలేనివాళ్ళకి కదా జాలిపడి ఏదో ఒకటి ఇవ్వాలి! వడ్డించే ఆయన పేరు నాకు తెలీదు, అందరూ గరిటె మామ అంటారు. తాతయ్యని చూడగానే ఆయన చేతిలో గరిటె దానంతటదే లోతుగా దిగేది.

ఒకసారి తాతయ్య జేబులోంచి టేపు తీసి పళ్ళెం కొలిచాడు. పద్నాలుగంగుళాలు. "నేను మొదటిసారి వచ్చినప్పుడు ఇది పదకొండే" అన్నాడు. "మరి ఇదివరకటి కంటే ఎక్కువ తింటున్నామన్నమాటేగా?" అన్నాను. "పళ్ళెం అప్పుడూ నిండుగానే ఉండేది, ఇప్పుడూ నిండుగానే ఉంటోంది. మనం తినేది ఒక పళ్ళెమే" అని తేల్చేశాడు. అమ్మమ్మ నవ్వి తన బ్రెడ్డులో ఒక ముక్క ఆయన పళ్ళెంలో పడేసింది. బోర్డు కింద కూర్చునే.

మూడేళ్ళ కిందట డిపోలో అందరికీ రక్తం పరీక్షలు చేశారు. అమ్మమ్మకి షుగరు వచ్చే అంచున ఉందన్నారు. వీధి చివర క్లినిక్కులో చిన్న డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ మందులు రాయలేదు. "అన్నం, బ్రెడ్డు, దుంపలు సగానికి సగం తగ్గించండి. మీకు వారం వారం వచ్చే తీరిక లేదంటున్నారు గదా, ఒక పని చెయ్యండి. మీ యూనిఫాం ప్యాంటే మీ తూకం మిషను. నడుము దగ్గర బిగుతైతే వెంటనే రండి. కాకపోతే హాయిగా ఉండండి" అంది. అమ్మమ్మ ఆ మాట డిపో రూలులా పట్టుకుంది. ఇంటికి రాగానే అన్నం గిన్నె మార్చేసింది. చిన్న గిన్నె. ఆ గిన్నెని చూసి తాతయ్య మొహం ఎలా అయిందంటే, ఎవరో పోయారనుకుని పక్కింటావిడ పలకరించింది.

నాలుగు నెలలు అలా నడిచింది. శనివారాలు హోటలు లేదు. తాతయ్య మిషను ముందు కూర్చుని గుటకలు మింగేవాడు. తర్వాత అమ్మమ్మకీ పట్టు జారింది. డ్యూటీ దిగి వస్తూ బస్టాండులో బన్నులు కొనుక్కునేది. ఆ సంగతి తాతయ్యకి తెలుసు, ఎందుకంటే ఆవిడ జేబులోంచి బన్ను పొడి రాలేది. ఒకరోజు పొద్దున ప్యాంటు తొడుక్కుంటూ, "ఏవయ్యా, ఇది కాస్త పట్టేస్తోందేమో చూడు" అంది. "ఉతికితే గుడ్డ ముడుచుకుంటుంది, కొట్టుకి పంపు" అన్నాడు తాతయ్య.

ఆ మధ్యాహ్నం ప్యాంటు నా ముందు పెట్టాడు.

"పక్క కుట్లు విప్పవే."

"ఎందుకు?"

"ఒక్క అంగుళం వదులుదాం."

"తాతయ్యా, బిగుతైతే రమ్మంది గదా డాక్టరమ్మ?"

"ఆవిడ డాక్టరు. ఇది గుడ్డ. గుడ్డ గురించి ఆవిడకేం తెలుసు? విప్పు."

నేను విప్పాను. వద్దనొచ్చు. కానీ శనివారం వేయించిన దుంపలు నాకూ ఇష్టమే.

లోపల దాగిన గుడ్డ ఎండ చూడలేదు గదా, ముదురు నీలంగా బయటపడింది. తాతయ్య తల గోక్కుని, రెండు పక్కలా పైనుంచి కిందదాకా నల్లటి పట్టీ వేసి కుట్టాడు. "కొత్త ఫ్యాషను" అని అమ్మమ్మకి చెప్పాడు. అది ఆవిడకి ఎంత నచ్చిందంటే డిపోలో అందరికీ చూపించింది. వారం తిరక్కుండా నలుగురు కండక్టర్లు అదే పట్టీ వేయించుకోవడానికి మా కొట్టుకి వచ్చారు. తాతయ్య కిక్కురుమనకుండా వేసిచ్చాడు. నేను మిషను కింద దారప్పోగులు ఏరుకుంటున్నట్టు దూరి నవ్వాను.

మళ్ళీ శనివారాలు మొదలయ్యాయి. "చూశావా, ప్యాంటు ఎప్పటిలాగే ఉంది. నా ఒంటికి అన్నం పడుతుంది" అనేది అమ్మమ్మ, పళ్ళెం ముందుకు జరుపుకుంటూ. తాతయ్య తలూపేవాడు. ఆ ఊపులో మెడ పూర్తిగా కిందికి రాదు, సగంలో ఆగిపోతుంది. నాకు తెలుసు, పక్కనే ఉండేదాన్ని. మూడేళ్ళలో నాలుగుసార్లు విప్పాం. రెండు జతలూ. నాలుగంగుళాలూ అయిపోయాయి.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, అమ్మమ్మ మడమ మీద బూటు ఒరుసుకుని పుండు పడేదాకా. చిన్నదే, చిటికెన వేలి గోరంత. వారమైనా మానలేదు. మూడు వారాలైనా మానలేదు. రోజంతా బస్సులో నిలబడే మనిషి కుంటడం మొదలుపెట్టింది. నేనే బలవంతంగా క్లినిక్కుకి తీసుకెళ్ళాను. చిన్న డాక్టరమ్మ పుండు చూసి, అమ్మమ్మని తూకం మిషను ఎక్కించి, పాత కాగితం తీసి చూసింది.

"అమ్మా, పదమూడు కిలోలు పెరిగారు."

"నీ మిషను చెడిపోయింది" అంది అమ్మమ్మ.

"మొన్ననే సరిచేయించాం."

"అయితే మళ్ళీ చెడిపోయింది. బిగుతైతే రమ్మన్నది నువ్వే గదా? ఇదిగో, వేలు పట్టేంత వదులుగా ఉంది చూడు. మూడేళ్ళ కిందట కుట్టిన ప్యాంటు!"

డాక్టరమ్మ ప్యాంటు వంక చూసింది. పట్టీ వంక చూసింది. ఆవిడకి కుట్టుపని తెలిసుంటే అక్కడే అయిపోయేది. "ముందు రక్తం పరీక్ష చేయించండి. షుగరు ఉన్నవాళ్ళ కాళ్ళకి పుండు పడితే ఆషామాషీ కాదు. ముదిరితే వేలో, పాదమో తీసెయ్యాల్సొస్తుంది" అంది.

అమ్మమ్మ లేచి నిలబడింది. వెయిటింగు హాల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు, "ముందు మిషను బాగుచేయించుకోండి, తర్వాత నా కాలు తీద్దురు గాని" అని బయటికి నడిచింది. బస్సులో టిక్కెట్టు లేనివాణ్ణి దింపేటప్పుడు వాడే గొంతు అది. నేను వెనకాలే తల వంచుకుని వచ్చేశాను. చొక్కాలో ఏదో దొంగసొత్తు పెట్టుకున్నట్టుంది.

కొట్టుకొచ్చి తాతయ్యకి మొత్తం చెప్పాను. కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

"పాదం తీసేస్తారందా?"

"ముదిరితే అంది. చెప్పెయ్ తాతయ్యా."

"చెబుతాను."

"ఇవాళే."

"చెబుతానన్నాగా. నువ్వు చెబితే బాగుంటుందేమోనే. చిన్నదానివి, నిన్నేం అనదు."

"విప్పమన్నది నువ్వు!"

"విప్పింది నువ్వు."

అలా ఇద్దరం ఒకరి మీదికి ఒకరం తోసుకుంటూ మూడు రోజులు గడిపాం. రోజూ అన్నం దగ్గర కూర్చుని తాతయ్య నోరు తెరిచేవాడు. ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకునేవాడు. మాట లోపలికీ, అన్నం దాని మీదికీ. కొట్లో దారం డబ్బా వెనక బ్రెడ్డు ప్యాకెట్టు దాచుకుని, నేను చూడట్లేదనుకుని ముక్క తర్వాత ముక్క తినేవాడు. భయమేస్తే తింటాడు, సిగ్గేస్తే తింటాడు, తిన్నందుకు మళ్ళీ సిగ్గేస్తుంది, మళ్ళీ తింటాడు. ఆయన్ని చూస్తే కోపం రావాలి. నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఒక ముక్క నేనూ అడిగి తిన్నాను.

నాలుగో రోజు అమ్మమ్మకి సెలవు. ఇంట్లో వదులు గౌనులో కాలు చాపుకుని పడుకుంది. తాతయ్య ఆవిడ ప్యాంటు చంకలో పెట్టుకుని కొట్టుకి వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఒక ఉపాయం తట్టిందే. మళ్ళీ బిగిద్దాం. రేపు తొడుక్కుంటుంది, బిగుతవుతుంది, తనంతట తానే డాక్టరు దగ్గరికి పరిగెడుతుంది. మనం నోరు విప్పక్కర్లేదు."

ఇప్పుడు ఆలోచిస్తే అంత పిరికి ఉపాయం ఇంకోటి ఉండదు. అప్పుడు మాత్రం నాకు బ్రహ్మాండంగా తోచింది. "ఎంత బిగిద్దాం? అరంగుళం?" అన్నాను.

"అరంగుళం అయితే ఊపిరి బిగబట్టి వేసుకుంటుంది, నాకు తెలీదా? రెండంగుళాలు."

దేంట్లోనూ కొంచెంతో సరిపెట్టుకోవడం ఆయనకి చేతకాదు. రెండంగుళాలే బిగించాడు. రెండో జత తడిపి బకెట్లో పడేశాడు, అది వేసుకుంటానంటుందేమోనని.

మర్నాడు పొద్దున అమ్మమ్మ గదిలోకి వెళ్ళింది. నేనూ తాతయ్యా వంటగదిలో టీ గ్లాసులు పట్టుకుని, డాక్టరు దగ్గరికి వెళ్తానని కేకేస్తుందని ఎదురు చూస్తున్నాం. ఎంతసేపటికీ కేక రాలేదు. నేను తలుపు సందులోంచి చూశాను. మంచం అంచున కూర్చుని ఉంది. ప్యాంటు తుంటి దాకా ఎక్కి అక్కడే పట్టేసింది. గుండీ పట్టుకుని దాని కాజా దగ్గరికి తేవాలని చూస్తోంది. గుండీ జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. ముప్పై ఎనిమిదేళ్ళు తాగుబోతుల్నీ, జేబుదొంగల్నీ మెడపట్టి దింపిన చేతులవి.

"ఏవయ్యా" అని పిలిచింది. గొంతు ఆవిడది కాదు. తాతయ్య లోపలికి వెళ్ళాడు.

"మొన్న సరిపోయిందయ్యా. ఒక్క రోజులో ఇంత వాచిపోయాను. నీరు పట్టేసిందేమో. పుండు లోపలికి పాకిందేమోనయ్యా. అది గానీ..." అని ఆగింది. "ఆ డాక్టరు పిల్ల చెప్పింది నిజమేనేమో. నా కాలు తీసేస్తారు. నేను చచ్చిపోతానా?"

అమ్మమ్మ ఏడవడం నేను అప్పటిదాకా చూడలేదు. శబ్దం లేదు, ముక్కు మాత్రం కారుతోంది.

తాతయ్య ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాడు. ఆయన నేల మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. "వాపు కాదు కండక్టరమ్మా. నేనే బిగించాను" అన్నాడు. అమ్మమ్మకి అర్థం కాలేదు. "బిగించడమేంటి?"

"ఇదివరకు వదులు చేశాను గనక."

ఆవిడ ప్యాంటు విప్పి, పక్కన ఉన్న గౌను వేసుకుని, ప్యాంటు తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వెలుగులో పక్క కుట్టు చూసింది. పాత కుట్లు పీకినచోట సూది రంధ్రాలు వరసలుగా ఉంటాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఒకటి. రెండు. మూడు. నాలుగు."

"ఎందుకయ్యా?"

నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసనుకున్నాను. నీ మనసు కష్టపెట్టుకుంటావని, నువ్వు బాధపడితే చూడలేనని. చెప్పొచ్చు, ఆవిడ నమ్మేది కూడా. తాతయ్య ఆ మాట అనలేదు.

"నువ్వు తినడం మానేస్తే నేను ఒక్కణ్ణే తినాలి. ఒక్కణ్ణే ఆ పళ్ళెం ముందు కూర్చుంటే అందరూ నన్నే చూస్తారు. మానలేను, ఒక్కణ్ణే తినలేను. నువ్వుంటే ఏదో భార్యాభర్తలు సరదాగా వచ్చారనుకుంటారు" అన్నాడు. "నా తిండి కోసమే."

అమ్మమ్మ నా వైపు చూసింది. "కుట్లు విప్పింది నేనే అమ్మమ్మా" అన్నాను.

"తెలుస్తోంది. గుడ్డ ఎక్కడా తెగలేదు" అంది.

తిడుతుందని ఎదురు చూశాం. తిడితే బాగుండేది. ఆవిడ చెప్పులేసుకుని, గౌను మీదే వీధిలోకి నడిచింది. కుంటుకుంటూ వెళ్తుంటే వెనక పది అడుగుల దూరంలో తాతయ్య, ఆయన వెనక నేను. క్లినిక్కులో నలుగురి ముందూ డాక్టరమ్మకి చేతులు జోడించింది. "మిషను మంచిదే తల్లీ. నేను నీ మీద అరిచాను. నా ప్యాంటు అబద్ధం చెప్పింది." తాతయ్య వైపు చూడనుకూడా చూడలేదు. ఆయనే ముందుకొచ్చి, "ప్యాంటు కాదు డాక్టరుగారూ, నేను" అన్నాడు. హాల్లో ఒకావిడ ఫక్కుమంది. తాతయ్య ఆవిడ వైపు తిరిగి తలూపాడు, నవ్వమన్నట్టు.

షుగరు మూడు వందలు దాటింది. మాత్రలు, రోజు విడిచి రోజు కట్లు. మడమ మానడానికి రెండున్నర నెలలు పట్టింది. పాదం దక్కింది. డిపో వాళ్ళు ఆ రోజులన్నీ కూర్చునే డ్యూటీ ఇచ్చారు. తాతయ్య రోజూ టిఫిను డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఆవిడ తీసుకునేది, తినేది, డబ్బా తిరిగిచ్చేది. మా ఇంట్లో చిన్న గిన్నె మళ్ళీ పొయ్యి ఎక్కింది. తాతయ్యకి ఇంకా మనసు లాగుతుంది. ఒక శనివారం ఒక్కడే పళ్ళెం హోటలుకి వెళ్ళి, మొత్తం తినేసి, ఊరికే ఇచ్చే రెండు ముక్కలు కూడా తిని వచ్చి, ఎవరూ అడక్కముందే గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. అమ్మమ్మ "సరే" అంది, అంతే. ఆ "సరే" అరగడానికి ఆయనకి వారం పట్టింది.

ఇప్పుడు అమ్మమ్మ బాగా తగ్గింది. ప్యాంట్లు జారిపోతున్నాయి, బిగించాలి. వీధికి ఆ చివర ఇంకో టైలరున్నాడు. ఆయన కుట్టు వానపాములా పాకుతుంది. నిన్న సాయంత్రం నాలుగింటికి అమ్మమ్మ రెండు ప్యాంట్లూ సంచిలో పెట్టుకుని మా కొట్టు ముందుకొచ్చి ఆగింది.

"మధ్యాహ్నం ఎంత తిన్నావు?"

"రెండు గరిటెలు" అన్నాడు తాతయ్య. ఆవిడ చూస్తూ నిలబడింది. "మూడు" అన్నాడు.

"మాత్ర వేళ దాటకముందే వచ్చేస్తాను" అని, సంచి ఇంకో చేతికి మార్చుకుని ఆ చివరి టైలరు కొట్టు వైపు నడిచింది. ఆయన తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు. నేనొక గజం దూరంలో కూర్చుని చూస్తున్నాను. సూదిలో దారం లేదు. గుడ్డ మీద వట్టి రంధ్రాలు పడుతూ పోతున్నాయి. నేను చెప్పలేదు.